ఇంజెక్టర్ మార్చే ముందు మీటర్ పెట్టి చూడండి

వానలు మొదలైనప్పటి నుంచి ఈ శీర్షికకు ఒకే రకం ఉత్తరాలు ఎక్కువగా వస్తున్నాయి. బండి మిస్సింగ్ కొడుతోంది, స్కానర్ పెడితే ఇంజెక్టర్ అని చూపిస్తోంది, మార్చేయమంటున్నారు, ఏం చేయమంటారు అని. అందుకే ఈసారి వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ఇంజెక్టర్ సర్క్యూట్ గురించే, అంటే ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌కు కరెంటు వెళ్లే దారి గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే ఈ విషయంలో జనం జేబుకు పడుతున్న చిల్లు చాలావరకు అనవసరమైనది, అరగంట ఓపికా ఒక మామూలు మల్టీమీటరూ ఉంటే ఆపగలిగేది.

ప్రశ్న: మాది 2015 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, నాలుగు సిలిండర్లు. పొద్దున తీసినప్పుడు బండి చక్కగా నడుస్తుంది. ఆఫీసుకు హైటెక్ సిటీ వైపు వెళ్తుంటే బేగంపేట ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా వేడెక్కాక మిస్సింగ్ మొదలవుతుంది, పికప్ పడిపోతుంది, చెక్ ఇంజిన్ లైట్ వస్తుంది. స్కానర్‌లో పీ0203 అని చూపించింది. ఒక గ్యారేజీలో ఇంజెక్టర్లన్నీ తీసి క్లీన్ చేశారు, కొద్దిరోజులకే మళ్లీ అదే కోడ్. ఇంకో చోట చూపిస్తే నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సిందే అంటున్నారు. మార్చేయమంటారా?
— ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: ఇప్పుడే వద్దు. ముందు ఆ కోడ్ ఏం చెబుతోందో చూడండి. పీ0201 నుంచి పీ0204 వరకు ఉన్న కోడ్లు వరసగా ఒకటి, రెండు, మూడు, నాలుగు సిలిండర్ల ఇంజెక్టర్ సర్క్యూట్‌లో తేడా ఉందని చెప్పేవి. అంటే మీ బండి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఫిర్యాదు మూడో సిలిండర్ ఇంజెక్టర్‌కు వెళ్లే కరెంటు దారి గురించి. ఇంజెక్టర్ నోట్లో మురికి పట్టిందో లేదో ఈ కోడ్‌కు తెలియదు. పీ0303 వచ్చి ఉంటే అది వేరే మాట, మూడో సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం, దానికి ప్లగ్గు, ఇగ్నిషన్ కాయిల్, కంప్రెషన్, ఇంజెక్టర్ మురికి ఏదైనా కారణం కావచ్చు. మీకు వచ్చింది పీ0203 కాబట్టి క్లీనింగ్ చేసినా పోకపోవడంలో ఆశ్చర్యం లేదు, కరెంటు జబ్బుకు పెట్రోల్ మందు వేశారు.

ఆ సర్క్యూట్ నిజానికి చాలా చిన్నది. బ్యాటరీ నుంచి రిలే, ఫ్యూజు దాటి ఒక ప్లస్ వైరు వచ్చి నాలుగు ఇంజెక్టర్లకూ పంచుకుంటుంది. ప్రతి ఇంజెక్టర్‌కూ రెండో వైరు ఒకటి విడిగా ఈసీయూకు వెళ్తుంది. ఈసీయూ ఆ వైరును కొన్ని మిల్లీ సెకన్ల పాటు లోపల ఎర్త్‌కు కలుపుతుంది, అప్పుడు ఇంజెక్టర్ కాయిల్లో కరెంటు పారి సూది పైకి లేచి పెట్రోల్ చిమ్ముతుంది, ఎర్త్ తీసేయగానే మూసుకుంటుంది. ఇంజిన్ వేడెక్కి ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇలా తెరిచి ఉంచేది సాధారణంగా రెండు నుంచి నాలుగు మిల్లీ సెకన్లు. ఈసీయూ ఈ పని చేస్తూనే ఆ వైరు మీద వోల్టేజీని కనిపెడుతూ ఉంటుంది. ఇంజెక్టర్ ఆఫ్‌లో ఉన్నప్పుడు అక్కడ బ్యాటరీ వోల్టేజీ కనపడాలి, ఆన్ చేసినప్పుడు దాదాపు సున్నాకు పడాలి. అలా జరగకపోతే కోడ్ రాసుకుంటుంది. కాయిల్ తెగినా, కప్లర్ (వైర్లను ఇంజెక్టర్‌కు కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) వదులైనా, వైరు తెగినా, ఎక్కడో బాడీకి తగిలినా, ఈసీయూలో ఆ ఎర్త్ కలిపి తీసే చిప్, అంటే డ్రైవర్, పోయినా దానికి కనపడేది ఒకటే, అందుకే కోడ్ చూసి పార్టు పేరు చెప్పడం కుదరదు.

మీ విషయంలో మూడోది ఒక్కటే ఇబ్బంది పెడుతోంది, మిగతా మూడూ పనిచేస్తున్నాయి. కాబట్టి ఫ్యూజు, మెయిన్ రిలే బాగానే ఉన్నాయి అనుకోవచ్చు. ఇక మిగిలింది ఆ ఒక్క ఇంజెక్టర్, దాని కప్లర్, దానికి ప్లస్ విడిపోయే జాయింట్, దాని నుంచి ఈసీయూకు వెళ్లే వైరు, ఈసీయూలో దాని డ్రైవర్. నాలుగు ఇంజెక్టర్లు మార్చమనడానికి ఇందులో ఏ ఆధారమూ లేదు.

ఇగ్నిషన్ ఆఫ్ చేసి, మూడో ఇంజెక్టర్ కప్లర్ లాక్ నొక్కి బయటికి తీయండి. సిలిండర్ల లెక్క చాలా ఇంజిన్లలో టైమింగ్ చైన్ లేదా బెల్టు ఉన్న వైపు నుంచి మొదలవుతుంది, అయినా మీ బండి మాన్యువల్‌లో ఒకసారి చూసుకోండి, అటు నుంచి కాకుండా ఇటు నుంచి లెక్కపెట్టి బాగున్న ఇంజెక్టర్‌ను పీకేసిన సందర్భాలు కోకొల్లలు. కప్లర్ లోపల టార్చి వేసి చూడండి. పచ్చగా చిలుము పట్టిందా, పిన్ను లోపలికి తోసుకుపోయిందా, రబ్బరు సీల్ ఉందా లేదా, నూనె తడి ఉందా. క్లీనింగ్ కోసం ఈమధ్యే ఈ కప్లర్లన్నీ తీసి పెట్టారు కాబట్టి లాక్ విరిగి సగమే కూర్చున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు.

తర్వాత మీటర్‌ను ఓముల మీద పెట్టి, ముందు రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తాకించి అది ఎంత చూపిస్తుందో గుర్తుపెట్టుకోండి, ఆ పాయింటు రెండో మూడో తర్వాత అసలు రీడింగ్‌లోంచి తీసేయాలి. ఇప్పుడు ఇంజెక్టర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. మీలాంటి పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో, అంటే పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి కాక గాలి వచ్చే దారిలో చిమ్మేవాటిలో, చాలావాటికి 12 నుంచి 16 ఓముల మధ్య వస్తుంది. మీ బండికి కంపెనీ ఇచ్చిన అంకె దొరికితే సరే, దొరక్కపోయినా పర్వాలేదు, మిగతా మూడింటినీ కొలిచి పోల్చండి, నా అనుభవంలో పుస్తకంలో అంకె కన్నా పక్క ఇంజెక్టరే మంచి సాక్షి. మూడు 12.2 దగ్గర ఉండి ఒకటి 7 చూపిస్తే లోపల చుట్లు షార్ట్ అయినట్టు. మీటర్ అసలు ఏమీ చూపించకపోతే కాయిల్ తెగిపోయినట్టు.

ఇక్కడే మీరు జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. పొద్దున చల్లటి ఇంజిన్ మీద కొలిస్తే నాలుగూ ఒకేలా రావచ్చు, అంతా బాగుందని బానెట్ మూసేస్తారు. మీ జబ్బు వేడెక్కాక వచ్చేది. కాబట్టి బండిని అలా ట్రాఫిక్‌లో తిప్పి, మిస్సింగ్ మొదలయ్యాక ఎక్కడైనా నీడన ఆపి, ఇంజిన్ చల్లారకముందే కొలవాలి, చేతులు కాలకుండా చూసుకోండి. రాగి తీగ రెసిస్టెన్స్ ఒక్కో డిగ్రీ వేడికి సుమారు 0.4 శాతం పెరుగుతుంది, 25 డిగ్రీల దగ్గర 12 ఓములు చూపించిన కాయిల్ 85 డిగ్రీల దగ్గర 14.8 వరకు చూపిస్తుంది, అది జబ్బు కాదు. నాలుగూ అలాగే పెరగాలి. మిగతావన్నీ 14.8 దగ్గరుండి మూడో సిలిండర్‌ది మాత్రం అటూ ఇటూ గెంతుతున్నా, పూర్తిగా తెగినట్టు చూపించినా దొంగ దొరికినట్టే. అప్పుడు ఆ ఒక్క ఇంజెక్టర్ మార్చండి, దానికి కొత్త ఓ-రింగులతో సహా.

ఇంజెక్టర్ బాగానే ఉందనుకోండి, అప్పుడు వైరు వైపు వెళ్లాలి. కప్లర్ ఊడదీసే ఉంచి తాళం ఆన్ చేయండి. మీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కు, ఎర్ర ప్రోబ్ కప్లర్‌లో ప్లస్ పిన్నుకు. ప్లస్ ఏదో ఎలా తెలుస్తుందంటే, నాలుగు కప్లర్లలోనూ ఒకే రంగులో ఉన్న వైరు ప్లస్, రంగులు మారుతున్నది ఈసీయూ వైరు. అక్కడ బ్యాటరీలో ఎంత ఉంటే దాదాపు అంత రావాలి. కొన్ని బండ్లలో తాళం తిప్పిన తర్వాత రెండు సెకన్లకే ఆ రిలే పడిపోతుంది, అలాంటప్పుడు ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని చెప్పి చూడాలి.

కానీ మీటర్ 12 వోల్టులు చూపించింది కదా అని సంబరపడకండి. వైరు లోపల పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటర్ 12 వోల్టులే చూపిస్తుంది, ఎందుకంటే మీటర్ లాగే కరెంటు లెక్కలోకి రాదు. నల్లా కట్టేసి ఉన్నంతసేపూ పైపులో ప్రెషర్ బాగానే ఉంటుంది, తిప్పితే గానీ నీళ్లు సన్నగా వస్తున్నాయని తెలియదు. అందుకే లోడ్ పెట్టి చూడాలి. 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఒకటి తీసుకుని దాని ఒక వైరు ఆ ప్లస్ పిన్నుకు, రెండోది బ్యాటరీ మైనస్‌కు కలపండి, ఇంజెక్టర్ లాగేది కూడా ఇంచుమించు అంతే, ఒక ఆంపియర్ దరిదాపుల్లో. బల్బు గట్టిగా వెలగాలి, వెలుగుతున్నప్పుడు అదే పిన్ను దగ్గర వోల్టేజీ పెద్దగా పడకూడదు. 12.4 ఉన్నది 9కి పడిపోతే ఎక్కడో జాయింటు కాలిందో, వైరు సన్నబడిందో తేలిపోతుంది. ఈ బల్బును ఈసీయూ వైరుకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకండి, అక్కడ పెట్టాల్సింది ఎల్ఈడీ టెస్టర్, లేదా ఇంజెక్టర్ కప్లర్‌లోనే దూర్చే నాయిడ్ లైట్. నాయిడ్ లైట్ పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేస్తే అది మిణుకు మిణుకుమంటుంది. ప్లస్ బాగుండి కూడా మూడో దానిలో అది వెలగకపోతే ఈసీయూ నుంచి వచ్చే దారిలోనే తేడా.

కప్లర్ పెట్టే ఉంచి చేసే పరీక్ష ఇంకొకటి ఉంది, నాకు బాగా నచ్చినది. తాళం ఆన్, ఇంజిన్ ఆఫ్. కప్లర్ వెనక నుంచి సన్నటి పిన్ను దూర్చి ఈసీయూ వైరు మీద వోల్టేజీ చూడండి. ప్లస్ కరెంటు కాయిల్ గుండా ఇటువైపు వచ్చి ఆగి ఉంటుంది కాబట్టి ఇక్కడ కూడా బ్యాటరీ వోల్టేజీయే రావాలి. మిగతా మూడింటికి వచ్చి దీనికి రాలేదంటే కాయిల్ తెగింది, లేదా ప్లస్ రావట్లేదు, లేదా ఈ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. ఒక్క కొలతతో ఇంత తెలుస్తుంది. కప్లర్ ముందు వైపు నుంచి లావాటి ప్రోబ్‌లు కుక్కవద్దు, లోపలి పిన్నుల పట్టు సాగిపోయి, లేని జబ్బు అప్పుడు మొదలవుతుంది.

వైరు మీద అనుమానం వస్తే బ్యాటరీ మైనస్ తీసి, ఈసీయూ కప్లర్ కూడా తీసి, అటు చివరా ఇటు చివరా మీటర్ పెట్టి, ఎవరినైనా వైరింగ్‌ను అంగుళం అంగుళం కదిలిస్తూ రమ్మనండి. ఇంజిన్ ఊగుతుంది, బాడీ ఊగదు, కాబట్టి వైరింగ్ ఇంజిన్ మీద నుంచి బాడీ మీదకు దాటే వంపులోనే తెగేది ఎక్కువ. క్లిప్పు ఊడి వేలాడుతున్న చోట, ఏదైనా బ్రాకెట్ అంచుకు రాసుకునే చోట కూడా చూడండి.

ఇక ఒక మాట, ఇది తేలేదాకా బండిని లాగించకండి. ఇంజెక్టర్ తెరుచుకోకపోతే ఆ సిలిండర్ నుంచి ఉత్త గాలి సైలెన్సర్‌లోకి పోతుంది, ఆక్సిజన్ సెన్సర్ పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ఈసీయూ మిగతా మూడింటికీ ఎక్కువ పోస్తుంది. దాంతో పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కుతుంది. చెక్ ఇంజిన్ లైట్ ఆగి ఆగి వెలుగుతుంటే కన్వర్టర్ దెబ్బతినే స్థాయికి మిస్సింగ్ చేరిందని అర్థం, పక్కకు ఆపేయండి. ఈసీయూ వైరు బాడీకి తగిలి ఇంజెక్టర్ తెరిచే ఉండిపోతే ఇంకా ప్రమాదం, పెట్రోల్ సిలిండర్‌లో నిండి ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన గట్టిగా వస్తున్నా, ఆయిల్ లెవెల్ పెరిగినా సెల్ఫ్ కొట్టకండి, టోయింగ్ చేయించండి.

ప్రశ్న: సార్, నేను క్యాబ్ నడుపుతాను. బయట కిట్ వేయించిన సీఎన్‌జీ బండి. గ్యాస్ మీద వెన్నలా నడుస్తుంది, పెట్రోల్‌కు మారిస్తే మూడు సిలిండర్ల మీద నడిచినట్టు వణుకుతుంది. ప్లగ్గులు, కాయిల్స్ మార్చమంటున్నారు.
— ఒక పాఠకుడు, ఎల్బీనగర్

జవాబు: ప్లగ్గులు, కాయిల్స్ ముట్టుకోవద్దు. మీ బండి సగం పరీక్ష తనే చేసి పెట్టింది. గ్యాస్ మండాలన్నా అవే ప్లగ్గులు, అవే కాయిల్స్, అవే వాల్వులు, అదే కంప్రెషన్. నిజానికి స్పార్క్ బలహీనంగా ఉంటే ముందు గ్యాస్ మీదే తెలిసిపోతుంది, పెట్రోల్ కన్నా దానికే గట్టి స్పార్క్ కావాలి. గ్యాస్ మీద బాగుండి పెట్రోల్ మీదే వణుకుతోందంటే మిగిలింది పెట్రోల్ ఇంజెక్టర్, దాని వైర్లు, పంపు ప్రెషర్. నాలుగు సిలిండర్లలో ఒక్కటే పడిపోతోంది కాబట్టి పంపు మీద అనుమానం తక్కువ.

బయట వేసే సీక్వెన్షియల్ కిట్లలో, అంటే ఒక్కో సిలిండర్‌కూ విడిగా వరసగా గ్యాస్ ఇచ్చేవాటిలో, గ్యాస్ ఈసీయూ పెట్రోల్ ఇంజెక్టర్ల వైర్లను మధ్యలో తెంచి తన గుండా పోనిస్తుంది. గ్యాస్‌కు మారినప్పుడు పెట్రోల్ ఇంజెక్టర్‌ను ఆపి, అసలు ఈసీయూకు మాత్రం అన్నీ పనిచేస్తున్నట్టు నమ్మించడానికి అక్కడ ఎమ్యులేటర్ ఉంటుంది. అంటే ఒక్కో ఇంజెక్టర్‌కూ కంపెనీ వైరింగ్‌లో లేని రెండేసి జాయింట్లు కొత్తగా వచ్చి చేరాయి. ఆ జాయింట్లు ఎలా వేశారో చూడండి. వైర్లు మెలేసి పైన నల్ల టేపు చుట్టి వదిలేసి ఉంటే, ఆ వేడికి జిగురు కరిగి టేపు జారిపోతుంది, వానకు తడిసి రాగి పచ్చబడుతుంది. టేపు విప్పి, తీగ తాజాగా గీసి, సోల్డర్ వేసి, జిగురుండే హీట్ ష్రింక్ స్లీవ్ ఎక్కించమనండి. కొన్ని కిట్లలో ఎమ్యులేటర్ కప్లర్‌ను తీసేసి పెట్రోల్ వైర్లను నేరుగా కలిపే వీలుంటుంది, మీ దానిలో ఉంటే అలా కలిపి పెట్రోల్ మీద నడిపి చూడండి, వణుకు పోతే ఎమ్యులేటర్ లోపలే ఉంది.

జాయింట్లు, ఓములు అన్నీ సరిగ్గా ఉంటే అప్పుడు మాత్రం క్లీనింగ్ గురించి ఆలోచించండి. రోజంతా గ్యాస్ మీదే తిరిగే బండిలో పెట్రోల్ ఇంజెక్టర్లు వాడక లేక జిగురు పట్టి ఇరుక్కుపోతాయి. పైన మల్కాజిగిరి పాఠకుడికి పనికిరాని క్లీనింగ్ మీకు పనికి రావచ్చు. రోజూ కొన్ని కిలోమీటర్లు పెట్రోల్ మీద నడపడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నాలుగు రోజులు ఊరెళ్లి వచ్చాం. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెట్టిన కారు సెల్ఫ్ బాగానే తిరుగుతోంది కానీ స్టార్ట్ అవడం లేదు. పెట్రోల్ పంపు చప్పుడు వస్తోంది. ఇంటికి వచ్చిన మెకానిక్ అన్ని ఇంజెక్టర్లూ పోయాయి అన్నాడు. ఇంట్లో చిన్నపిల్లలు, ఆస్పత్రి అవసరాలు, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: టెన్షన్ పడకండి. నాలుగు ఇంజెక్టర్లు కూడబలుక్కుని ఒకే రాత్రి చావవు. నాలుగూ ఒక్కసారే ఆగాయంటే నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో ఆగింది. ముందు ఇది చెప్పండి, మీరు లేనప్పుడు సెల్లార్‌లోకి నీళ్లు వచ్చాయా? చక్రాలు మునిగే దాకా వచ్చి ఉంటే ఇక సెల్ఫ్ కొట్టవద్దు, అది వేరే సమస్య, ఇంజిన్‌లోకి నీరు పోయిందో లేదో చూసేదాకా ముట్టుకోకూడదు.

నీళ్లు రాకపోతే బానెట్ ఎత్తి ఎలుకల కోసం చూడండి. మన నగరంలో సెల్లార్లలో, ముఖ్యంగా పక్కన చెత్త డబ్బాలు పెట్టే చోట, వానాకాలంలో ఇది పెద్ద బెడద. ఇంజిన్ కవర్ మీద రెట్టలు, పల్లీ పొట్టు, కొబ్బరి ముక్క, కొరికిన స్పాంజి ఏదైనా కనిపిస్తే వైరింగ్ కింద వైపు, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీసి దాని అడుగునా వెతకాలి, ఎలుక పైకి కనిపించే చోట కొరకదు. తర్వాత ఇంజెక్టర్లకు వెళ్లే ఫ్యూజు. ఫ్యూజు పోతే కొత్తది అదే ఆంపియర్లది వేయండి, వెంటనే మళ్లీ పోతే ప్లస్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది, అంతకన్నా పెద్ద ఫ్యూజు వేసి చూడడం మాత్రం నిప్పుతో చెలగాటం.

ప్లస్ వస్తోంది, నాయిడ్ లైట్ మాత్రం నాలుగింటిలోనూ వెలగడం లేదు అనుకోండి, అప్పుడు ఈసీయూకు ఇంజిన్ తిరుగుతోందనే సంగతే తెలియట్లేదు. స్కానర్ పెట్టి సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎం చూడమనండి. సెల్ఫ్ తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా అంటే క్రాంక్ సెన్సర్ లేదా దాని వైరు, ఎలుకలకు ఇష్టమైన వైర్లలో అదీ ఒకటి. ఆర్‌పీఎం వస్తున్నా పల్స్, అంటే ఈసీయూ ఇంజెక్టర్‌కు ఇచ్చే ఆన్-ఆఫ్ సంకేతం, లేదంటే డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ లైటు చూడండి, ఇమ్మొబిలైజర్ మీ తాళాన్ని గుర్తుపట్టక ఇంజెక్టర్లను ఆపేసి ఉండవచ్చు, ఇంట్లో ఉన్న రెండో తాళంతో ఒకసారి ప్రయత్నించండి. మెకానిక్‌ను మీరు అడగాల్సింది ఒక్కటే ప్రశ్న: ఇంజెక్టర్ దగ్గర ప్లస్ వస్తోందా, పల్స్ వస్తోందా? దీనికి మీటర్ పెట్టి చూపించి జవాబు చెప్పేవారికే పని ఇవ్వండి.

ప్రశ్న: రెండో సిలిండర్ ఇంజెక్టర్ మార్చాను, కోడ్ పోలేదు. ఇప్పుడు ఈసీయూ పోయింది, సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చి వేస్తామంటున్నారు. నమ్మవచ్చా?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: ఈసీయూ పోదని కాదు, పోతుంది. కానీ అది అన్నీ చూశాక చివర్లో చెప్పాల్సిన పేరు. కప్లర్ దగ్గర ప్లస్ లోడ్ మీద నిలబడుతోంది, కాయిల్ ఓములు పక్కవాటితో సమానం, ఈసీయూ కప్లర్ నుంచి ఇంజెక్టర్ కప్లర్ దాకా వైరు తెగలేదు, బాడీకి తగల్లేదు, ఈసీయూ ఎర్త్ వైర్లు బిగుతుగా ఉన్నాయి. ఇవన్నీ కొలిచి చూపించి, అయినా పల్స్ రావడం లేదంటే అప్పుడు డ్రైవర్ పోయిందని ఒప్పుకోవచ్చు. అలా కొలిచిన అంకెలు వాళ్ల దగ్గర ఉన్నాయా అని అడగండి. లేవంటే అది ఊహ మాత్రమే.

పాత ఇంజెక్టర్ పారేయకుండా ఉంటే దాని ఓములు కొలవండి, మీ కేసులో అన్నిటికన్నా ముఖ్యం ఇదే. 12 ఉండాల్సింది 2 ఓములు చూపిస్తే అది ఒక ఆంపియర్‌కు బదులు ఆరు ఆంపియర్లు లాగేస్తుంది, డ్రైవర్ కాలడానికి కారణం దొరికినట్టే. అది బాగానే ఉంటే వైరు ప్లస్‌కు షార్ట్ అయిందేమో వెతకాలి, ఆ కారణం తేల్చకుండా కొత్త ఈసీయూ పెడితే అదీ కాలుతుంది. ఇంకో సంగతి, చాలా ఈసీయూల్లో డ్రైవర్ ఎక్కువ కరెంటు చూడగానే తనను తాను ఆపేసుకుంటుంది, షార్ట్ తీసేసి, కోడ్ చెరిపి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే తిరిగి పనిచేస్తుంది. అందుకే తొందరపడవద్దంటున్నాను. సెకండ్‌హ్యాండ్ ఈసీయూ అయితే పార్ట్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే ఉండాలి, ఆ పైన ఇమ్మొబిలైజర్‌తో జత చేయాలి, లేకపోతే బండి అసలు స్టార్ట్ కాదు. చేసి ఇచ్చేవాళ్లు ఎవరో తేల్చుకోకుండా డబ్బు కట్టకండి. డ్రైవర్ చిప్ ఒక్కటే మార్చి ఈసీయూ బాగుచేసేవాళ్లూ ఉన్నారు, ముందు అది అడగండి.

ప్రశ్న: డిప్లొమా ఆటోమొబైల్ చదువుతున్నాను. ఇంజెక్టర్ సర్క్యూట్లు నేర్చుకోవడానికి ఏం కొనాలి?
— ఒక విద్యార్థి, రామంతాపూర్

జవాబు: కోఠి గుజరాతీ గల్లీలో తిరిగి, ఓముల్లో దశాంశం దాకా నిలకడగా చూపించే ఒక మల్టీమీటర్, సన్నటి బ్యాక్ ప్రోబ్ పిన్నులు, ఒక ఎల్ఈడీ టెస్టర్ కొనండి, మొదలుపెట్టడానికి అంతే చాలు. మీటర్ ఓముల మీద ఉండగా కరెంటు ఉన్న వైరును ముట్టవద్దు. తర్వాత ఎప్పుడైనా చిన్న ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పును తెర మీద గీతగా చూపించే పరికరం) చేతికొస్తే ఇంజెక్టర్ వైరు మీద పెట్టి చూడండి, ప్రోబ్ మీద 10 రెట్లు తగ్గించే స్విచ్ వేసి. 12 దగ్గర గీత నిలబడి ఉంటుంది, ఈసీయూ ఎర్త్ ఇవ్వగానే సున్నాకు పడుతుంది, వదలగానే 60, 70 వోల్టుల దాకా ఎగిరి కిందికి దిగుతుంది. అలా దిగే వాలులో చిన్న బుడిపె ఒకటి కనిపిస్తుంది చూడండి, అది సూది వెళ్లి దాని గూట్లో కూర్చున్న క్షణం. ఎగిరే ఎత్తు మిగతావాటికన్నా తక్కువైతే కాయిల్ షార్ట్ మీద అనుమానపడాలి, బుడిపె లేకపోతే సూది ఇరుక్కుందేమో చూడాలి. ఇంజెక్టర్ విప్పకుండానే లోపలిది కళ్లకు కడుతుంది, ఇంతకన్నా మంచి పాఠం పుస్తకంలో దొరకదు.

ప్రశ్న: మాది డీజిల్ ఎస్‌యూవీ. మీరు చెప్పే ఈ పరీక్షలు దానికీ చేసుకోవచ్చా? మా తమ్ముడిది టర్బో పెట్రోల్, డైరెక్ట్ ఇంజెక్షన్ అంటున్నాడు.
— ఒక పాఠకుడు, టోలిచౌకి

జవాబు: రెండింటికీ వద్దు, దయచేసి. నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజెక్టర్లను ఈసీయూ తన లోపలే వోల్టేజీ పెంచి, చాలా బండ్లలో 65 వోల్టుల దరిదాపుల్లో, కొట్టి తెరుస్తుంది. అక్కడ ఒక వైరు ప్లస్, ఒక వైరు ఎర్త్ అనే లెక్క ఉండదు, రెండు వైర్లూ ఈసీయూవే. బల్బు, నాయిడ్ లైట్, నేరుగా బ్యాటరీ వైరు, ఏది పెట్టినా ఈసీయూకో ఇంజెక్టర్‌కో చేటు.

కామన్ రైల్ డీజిల్, అంటే అన్ని ఇంజెక్టర్లకూ ఒకే హై ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందేది, అయితే ఇంకా పై మాట. సాలినాయిడ్ రకం ఇంజెక్టర్లలో చాలావాటి రెసిస్టెన్స్ ఒక ఓమ్ కన్నా తక్కువ, మామూలు మీటర్‌తో దాన్ని నమ్మకంగా కొలవలేం. పైపుల్లో ప్రెషర్ 1600 బార్, అంతకు పైనే. ఇంజిన్ నడుస్తుండగా పైపు నట్టు వదులు చేసి ఏ సిలిండర్ పనిచేయడం లేదో చూసే పాత డీజిల్ అలవాటు ఉంది చూడండి, కామన్ రైల్ మీద అది చేస్తే ఆ ధార చర్మం లోపలికి దూసుకుపోతుంది, చేయి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. చిన్న సూది గుచ్చినట్టే కనిపించినా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మీరు చేయగలిగింది ఉంది. ఇంజిన్ ఆపి కప్లర్లు, వైరింగ్ కంటితో చూడటం, ఎలుక కొరికిందా, తడి ఉందా అన్నది. స్కానర్‌లో ఏ సిలిండర్ కోడ్ వచ్చిందో రాసుకోవడం. ఇంజెక్టర్ మార్చాల్సి వస్తే దాని తల మీద చెక్కి ఉన్న అక్షరాలు, అంకెలు ఫొటో తీసుకోండి. అవే దాని కోడ్, చాలా బండ్లలో కొత్త ఇంజెక్టర్ మీద ఉన్న ఆ కోడ్‌ను స్కానర్‌తో ఈసీయూలో ఎక్కించాలి, ఒక సిలిండర్‌ది తీసి ఇంకో దానిలో వేసినా అంతే. బిల్లు కట్టే ముందు ఆ కోడ్ ఎక్కించారా అని అడిగి, స్కానర్ తెర మీద చూపించమనండి.